పట్నం పోయినవాళ్లు మళ్లీ ఊరికి ఎందుకు రారు?

కూలికి పోయినవాళ్లు నాలుగు డబ్బులు వెనకేసుకుని ఊరికి రావచ్చు గదా, అక్కడే ఎందుకు ఉండిపోతారని అడిగారు. మాది పాత ప్రకాశం జిల్లా, కనిగిరి పక్క మెట్ట ఊరు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు హైదరాబాదు వచ్చాం, ఇక్కడే ఉన్నాం. ఉండిపోదామని అనుకుని వచ్చినవాళ్లు మాలో ఒక్కరూ లేరు.

బయల్దేరదీసేది అప్పు. ఒక బోరు ఎండితే వడ్డీకి తెచ్చి ఇంకోటి వేస్తాం, అదీ పడదు. కంది, సజ్జ వాన దయ. అప్పు తీరేదాకా పోయొద్దామని ముసలోళ్లని, బర్రెగొడ్లని ఊళ్లో వదిలి వస్తాం. అసలు కిటుకు ఆ బర్రెల దగ్గరే ఉంది. సేద్యం డబ్బు ఏడాదికోసారి, అదీ పంట చేతికొస్తే. ఇల్లు గడిచేది పాల డబ్బుతోనే. అమ్మానాన్నకి చొప్ప మోసే ఓపిక పోయినాక బర్రెల్ని అమ్మేస్తారు. ఇక ఊరికొచ్చినా కూరగాయలకి రొక్కం ఉండదు. గొడ్లు అమ్ముకున్నాక వెనక్కొచ్చిన ఇల్లు మా ఊళ్లో నేను చూడలా.

2020 లాక్‌డౌన్‌కి అందరం ఊరు చేరాం. ఇక ఉండిపోతారులే అన్నారు పెద్దోళ్లు. ఉపాధి పనికి పోయాం. అప్పట్లో అది కుటుంబమంతటికీ కలిపి ఏడాదికి 100 రోజులే. మిగతా రోజుల మాటేంది? మేస్త్రీ ఫోన్ చెయ్యడం ఆలస్యం, బస్సెక్కాం.

మగాళ్లని కదిలిస్తే "ఎప్పటికైనా పోతాం" అంటారు. వాళ్ల మాట పట్టుకోకండి, ఆడవాళ్లని అడగండి. తాగేనీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మా పక్క చాలా బోర్లలో మించుతుంది. పిల్లల పళ్లు గారపడతాయి, ముసలోళ్లకి మోకాళ్లు వంగవు. ఊరి మాటెత్తితే మా ఆవిడ ఒకటే అంటది: "నువ్వు పో. నా పిల్లలకి ఆ నీళ్లు తాపను." దీనికి నా దగ్గర జవాబు లేదు. చదువులు సరేసరి, బడి మధ్యలో మానిపించి ఎవరు తీసుకెళ్తారు?

రేషన్ బియ్యం కోసమైనా ఊరికి పోయేవాళ్లం. 2019 నుంచి ఆంధ్రా కార్డుకి తెలంగాణ డీలరు దగ్గరే బియ్యం ఇవ్వడం మొదలైంది, ఆ పనీ తప్పింది.

వెలిగొండ నీళ్లొస్తే వస్తారు కదా అంటారు కొందరు. ఆ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేశారు. ఆ ఏడు పుట్టినోళ్లకి పెళ్లిళ్లయి, హైదరాబాదులోనే పిల్లలు పుట్టారు. కాలవలో నీళ్లు పారినా ఆ పిల్లలకి మడక పట్టడం ఎవరు నేర్పుతారు?

మా ఓటు, పొలం ఇంకా ఊళ్లోనే ఉన్నాయి. ఓటుకి బస్సు పార్టీలవాళ్లే పెడతారు కాబట్టి పోయొస్తాం. పొలం మీద మమకారంతో ఉంచుకున్నాం అనుకునేరు, కొనేవాడు దొరక్క.