తెగిన కేబులు పారెయ్యకండి

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి. మా నాన్నగారు కొన్న 1986 మోడల్ అంబాసిడర్ ఇంకా నడుపుతున్నాను. తిత్లీ తుపానుకి షెడ్డు పడిపోయింది. అప్పట్నుంచి బండి కొబ్బరితోటలో రేకుల పాక కిందే ఉంటోంది. కొన్నాళ్లుగా స్పీడోమీటరు ముల్లు వణికేది, డాష్‌బోర్డు వెనక కీచుకీచుమని చప్పుడు. ఒకరోజు కంచిలి నుంచి సోంపేట వెళ్తుంటే ముల్లు సున్నాకి పడిపోయింది, కిలోమీటర్ల అంకెలూ ఆగిపోయాయి. మెకానిక్ కొత్త కేబులు వేశాడు. మూడు వారాలు తిరక్కుండా అదీ తెగింది. పైకొస నుంచి జానెడు కింద తెగింది, ముక్కకి నల్లటి జిడ్డు పట్టి ఉంది. బజార్లో దొరికేవన్నీ నకిలీవేనా? ఈసారి నేనే వేసుకోవాలనుకుంటున్నాను. 2026లో రిజిస్ట్రేషను రెన్యువల్ కూడా ఉంది.

జవాబు: అయ్యా, నాకు కావలసిన మాట మీ ఉత్తరంలోనే ఉంది. పైకొస నుంచి జానెడు కింద తెగింది, నల్లటి జిడ్డు ఉంది అన్నారు. చాలామంది ఈ సంగతి రాయరు. కేబులు తెగింది, మంచిది ఎక్కడ దొరుకుతుంది అని మాత్రం అడుగుతారు. నాసిరకం కేబుళ్లు ఉన్నాయి, కాదనను. కానీ మీ బండిలో తప్పు కేబులుది కాదనిపిస్తోంది. దాన్ని తెంపుతున్నది వేరే ఉంది. అది పట్టుకోకుండా మూడోది వేస్తే దానికీ ఇదే గతి.

నేను విజయనగరం కంటోన్మెంట్‌లో మా గురువుగారి షెడ్డులో పని నేర్చుకుంటున్న రోజుల్లో సాలూరు ఘాటీ ఎక్కిదిగే అంబాసిడర్ టాక్సీ ఒకటి వచ్చేది. నెల తిరక్కుండా దానికి రెండు కేబుళ్లు వేశాను. మూడోసారి వచ్చినప్పుడు డ్రైవరు నా మీద కేకలేస్తున్నాడు. గురువుగారు వచ్చి, తెగిన ముక్క నా చేతిలోంచి తీసుకుని, గుమ్మం దగ్గర ఎండలో పట్టుకుని చూశారు. "కేబులు మార్చీసినావు సరే, ఇది ఎందుకు తెగిందో సూసినావేటిరా?" అన్నారు. ఉక్కు పోగులు చీపురు కొసలా విచ్చుకుని ఉన్నాయి. మీటరు విప్పించి, ఆ ముక్కకే ఉన్న చదరపు కొసని మీటరు వెనక కన్నంలో పెట్టి వేళ్లతో తిప్పమన్నారు. తిరగలేదు. బిగుసుకుపోయిన మీటరుని ఆ సన్నటి కేబులు రోజంతా తిప్పడానికి చూసి, మెలిపడి తెగిపోతోంది. నేను అంతకుముందు రెండుసార్లూ మీటరు ముట్టుకోనేలేదు.

ఇందులో పని ఎలా జరుగుతుందో తెలిస్తే మీ చేయి తడబడదు. గేర్‌బాక్సు వెనక భాగంలో పినియన్ అనే చిన్న పళ్లచక్రం ఉంటుంది. వెనక చక్రాల్ని తిప్పే పొడవాటి కార్డాన్ షాఫ్టు తిరిగినంతసేపూ అది తిరుగుతుంది. కేబులులో పైన గొట్టంలా ఉండేది ఔటర్, దాని లోపల తిరిగే తాడు ఇన్నర్. పినియన్ కన్నంలో ఇన్నర్ చదరపు కొస కూర్చుంటుంది, రెండో కొస మీటరు వెనక కూర్చుంటుంది. మీటరులో ఇన్నర్ తిప్పేది ఒక అయస్కాంతాన్ని. ఆ అయస్కాంతం చుట్టూ పలచటి అల్యూమినియం గిన్నె ఉంటుంది. రెండూ ఎక్కడా తగలవు. అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో పుట్టే సుడి విద్యుత్తు గిన్నెని తనతో పాటు లాగుతుంది. వెంట్రుకంత స్ప్రింగు వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ లాగుడు, ఆ పట్టు సమానమైన చోట ముల్లు నిలుస్తుంది. జర్మనీలో ఒట్టో షుల్జె 1902లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. మీ నాన్నగారి బండిలో ఉన్నదీ ఆ కిటుకే. అంటే ముల్లుని తిప్పడానికి కేబులు మీద బరువు దాదాపు లేదు. ఉన్న కాస్త బరువూ కిలోమీటర్ల అంకెల పళ్లచక్రాలది, అయస్కాంతం ఇరుసుది. ఆ ఇరుసు ఎండిపోయినా, జిడ్డు గట్టిపడి పట్టేసినా కేబులు పని అయిపోయినట్టే.

ఇక ఆ జిడ్డు సంగతి. ఇన్నర్ అంటే ఉక్కు తీగల్ని పొరలుపొరలుగా, ఒక పొర ఇటు ఒక పొర అటు చుట్టి చేసిన తాడు. అది తిరుగుతుంటే స్క్రూలాగా పనిచేస్తుంది, తనకి అంటిన నూనెని పైకి ఎక్కించుకుంటూ పోతుంది. గేర్‌బాక్సు దగ్గర నూనె బయటికి రాకుండా ఆపే పినియన్ సీలు పాడైతే గేర్ ఆయిల్ కేబులు పట్టుకుని మీటరు దాకా వస్తుంది. అక్కడ దుమ్ముతో కలిసి బంకలా పట్టేస్తుంది. మీరు రాసిన జిడ్డుని వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి. గేర్ ఆయిల్‌కి గంధకం కలిసిన ఘాటు వాసన ఉంటుంది, గ్రీజుకి ఉండదు. ఆ వాసనే వస్తే ముందు కింద సీలు మార్చండి. దాని ఖర్చు కేబులు కంటే తక్కువే. అది మార్చకపోతే బాగుచేయించిన మీటరు కూడా మళ్లీ అదే దారి పడుతుంది. గ్రీజు వాసనే అయితే, మొదటిసారి వేసినవారు గ్రీజు ఎక్కువ పూసి ఉంటారు. అదీ మీటరులోకే పోయి ఉంటుంది.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ టెర్మినల్ తీసేయండి. మీటరు వెనక దీపాల వైర్లు ఉంటాయి, చీకట్లో చేయి పెట్టి వెతుకుతుంటే షార్టు అవుతుంది. తరవాత మీటరు వెనక కేబులు నట్టు చేత్తోనే తిప్పి విప్పండి. పకారు పెట్టి మెలిపెట్టకండి. ఇన్నర్‌ని పైనుంచి లాగితే తెగినంత వరకూ వస్తుంది. మిగతాది కిందనుంచి, గేర్‌బాక్సు దగ్గర నట్టు విప్పి తియ్యాలి. బండి కిందకి దూరడానికి జాకీ ఒక్కదాన్ని నమ్మకండి. గొయ్యి ఉన్న షెడ్డుకి తీసుకెళ్లండి, లేదా స్టాండ్లు పెట్టి, చక్రాలకి రాళ్లు అడ్డం వేసి దూరండి. ఈ మాట నేను ప్రతి ఉత్తరంలోనూ రాస్తాను, రాస్తూనే ఉంటాను.

ముక్కలన్నీ బయటికి వచ్చాక ఒక పాత పేపరు మీద వరసగా పెట్టి చూడండి. మధ్యలో, పోగులు విచ్చుకోకుండా పుల్ల విరిగినట్టు తెగితే అక్కడ కేబులు ఇరుకు వంపులో పడి ఉందన్నమాట. కింది చదరపు కొస అంచులు అరిగి గుండ్రంగా అయితే పినియన్ కన్నం చూడాలి. మీలా పైన తెగి, పోగులు విచ్చుకుని ఉంటే మీటరే. తెగిన చదరపు ముక్క దగ్గర ఉంటే మా గురువుగారి పరీక్ష మీరూ చెయ్యండి. మంచి మీటరులో ఆ ముక్క వేళ్ల మధ్య సున్నితంగా తిరుగుతుంది, చురుగ్గా తిప్పితే ముల్లు కొంచెం లేస్తుంది. ముల్లు సున్నా దగ్గరి మేకుకేసి నొక్కుకుంటే మీరు తప్పు దిక్కు తిప్పుతున్నారు, రెండో వైపు తిప్పండి. పట్టేసినట్టు ఉంటే మీటర్లు బాగుచేసేవారి దగ్గరికే పంపండి. లోపల కిరసనాయిలు పొయ్యడం, పెట్రోలుతో కడగడం వద్దు. ఆ వెంట్రుక స్ప్రింగుకి నూనె చుక్క అంటినా చుట్లు ఒకదానికొకటి అతుక్కుని ముల్లు అబద్ధం చెప్తుంది. బిగుసుకోలేదు, ఊరికే కీచుమంటోంది అనుకుంటే ఇరుసు మొదట్లో కుట్టుమిషను నూనె ఒక్క చుక్క, పుల్లకొసతో పెట్టి ఆగండి.

కొత్త కేబులు కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకెళ్లండి. పొడవు సరిపోవాలి, రెండు కొసల నట్లూ కలవాలి. ఇన్నర్‌ని కొట్లోనే బయటికి లాగి, గాజు బల్ల మీద దొర్లించి చూడండి. తిన్నగా ఉన్నది నీళ్లలా దొర్లుతుంది. ఎక్కడైనా వంగి ఉంటే ఆ చోట టక్కున ఎగురుతుంది. అలా ఎగిరేది వద్దు. ముల్లు వణికేది దానివల్లే. ఇంకో చూపు: రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని కిందికి విల్లులా వేలాడనిచ్చి, ఒక కొస మెల్లగా తిప్పండి. రెండో కొస దానితో పాటే తిరగాలి. ఆగి, ఒక్కసారిగా గింగిరం కొడితే అది పనికిరాదు.

పూసేది గ్రీజు, పలచగా, రెండు వేళ్ల మధ్య ఇన్నర్‌ని లాగుతూ. మీటరు వైపు ఎనిమిది అంగుళాలు మాత్రం గుడ్డతో తుడిచేసి పొడిగా ఉంచండి. కిందనుంచి ఎక్కేది ఎలాగూ ఆ మేరకి చేరుతుంది. ఇన్నర్‌ని పైనుంచి తిప్పుకుంటూ దింపితే కింది కొస పినియన్ కన్నంలో చప్పుడు లేకుండా కూర్చుంటుంది, వేలికి తెలుస్తుంది. కూర్చున్నాక పైన ఔటర్ దాటి ఇన్నర్ ఇంచుమించు సెంటీమీటరు కనబడాలి. అంతకంటే ఎక్కువ ఉంటే నట్టు బిగించగానే అది మీటరుని పొడుస్తుంది, తక్కువైతే పట్టు దొరకదు. దారిలో వంపు ఎక్కడా ఆరు అంగుళాల వ్యాసార్ధం కంటే ఇరుకు కాకూడదు. రెండు కొసల దగ్గర మొదటి రెండు అంగుళాలు తిన్నగా పోవాలి. ఇంజను గోడ కన్నంలో రబ్బరు బుష్ లేకపోతే వేయించండి. మీ ఊళ్లో సముద్రం గాలి, కొబ్బరితోట చెమ్మ రెండూ కలిసి ఆ కన్నం దగ్గరే ఔటర్‌ని తుప్పు పట్టిస్తాయి. ఎగ్జాస్టు గొట్టానికి ఎడంగా కట్టండి.

మీటరుకి బిగించే ముందు ఒక్క పని. గేరు న్యూట్రల్‌లో పెట్టి, బండిని ఎవరినైనా నాలుగడుగులు నెట్టమనండి. మీరు డాష్‌బోర్డు కింద దూరి ఇన్నర్ కొసని చూడండి. అది ఆగకుండా తిరిగితే కింద అంతా బాగుంది, అప్పుడు పైన బిగించండి. తిరక్కపోతే మీటరుని తిట్టి లాభం లేదు, కింద పినియన్ చూడాలి.

పని అయ్యాక జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్లతో లెక్క సరిచూసుకోండి. ముల్లు 60 దగ్గర నిలకడగా పట్టుకుంటే ఒక రాయి నుంచి ఇంకో రాయికి సరిగ్గా 60 సెకన్లు పట్టాలి. పక్కన కూర్చున్నవారిని గడియారం చూడమనండి, నడిపేవారు చూడవద్దు.

రెన్యువల్ సంగతి: ప్రైవేటు కారుకి మొదట 15 ఏళ్లు, తరవాత ఐదేసి ఏళ్లు. 1986 బండికి 2001లో మొదలై 2026కి మళ్లీ వస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే స్పీడోమీటరు ఉండాలని ఉంది, తనిఖీలో ముల్లు కదలకపోతే వెనక్కి పంపుతారు. ఆ ముందు వారం కాదు, ఇప్పుడే చేయించండి. మీటరు బాగుచేసేటప్పుడు పాత కిలోమీటర్ల అంకె ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, బండి కాగితాలతో ఉంచండి. అంకె తగ్గించి ఇస్తామని కొందరు అడుగుతారు, ఒప్పుకోకండి. మీ నాన్నగారు తిరిగిన దూరం అది, అలాగే ఉండనివ్వండి.

ప్రశ్న: మా పాత కారు ముల్లు 30, 40 మధ్య ఊగుతుంది, 50 దాటితే నిలుస్తుంది. మీటరు మార్చాలా? (బొబ్బిలి)

జవాబు: వద్దు. ఇన్నర్ ఎండిపోయి ఉంటుంది, లేదా ఎక్కడో వంగి ఉంటుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు మెలిపడి, వదిలి, మెలిపడి, వదిలి తిరుగుతోంది. వేగం పెరిగితే ఆ తడబాటు కలిసిపోయి కనబడదు. లాగి, తుడిచి, బల్ల మీద దొర్లించండి. తిన్నగా ఉంటే పలచగా గ్రీజు పూసి అదే వేసుకోండి. ఎగిరితే మార్చండి. ఊగుతున్నదాన్ని అలాగే వదిలేస్తే తెగుతుంది.

ప్రశ్న: టైర్లు ఒక సైజు పెద్దవి వేశాను. మీటరు తప్పు చూపిస్తుందా? (రాజాం)

జవాబు: చూపిస్తుంది, తక్కువ చూపిస్తుంది. టైరు చుట్టుకొలత నూటికి ఐదు పెరిగితే ముల్లు 60 దగ్గర ఉన్నప్పుడు మీరు 63లో పోతున్నట్టు. కిలోమీటర్ల అంకె కూడా అంతే తగ్గుతుంది, మైలేజీ పడిపోయిందని మీకు అనిపించడానికి అదే కారణం కావచ్చు. పాత సైజుకి వెళ్లండి.