చీటీ పాడి మ్యాక్‌బుక్ కొనొద్దమ్మా, ఇప్పుడే కాదు

నరసరావుపేట నుంచి ఒకమ్మ రాశారు. బ్లౌజులు కుట్టే షాపు నడుపుతున్నారు, అబ్బాయి విజయవాడ దగ్గర సీఎస్‌ఈ మూడో ఏడు. జీతాలు బాగుంటాయి, ఐఫోన్ యాప్‌లే నేర్చుకుంటా, మ్యాక్‌బుక్ కొనిపెట్టమని అడుగుతున్నాడట. ఫ్రెండ్సేమో ఆండ్రాయిడ్ ఓపెన్, ఐఫోన్ క్లోజ్డ్, అటు వెళ్తే ఇరుక్కుపోతావని భయపెడుతున్నారట. లక్ష రూపాయల చీటీ పాడి కొనివ్వనా అని ఆవిడ ప్రశ్న.

అమ్మా, చీటీ ఇప్పుడు పాడకండి. బాబు ఆశ తప్పని అనడం లేదు, ఐఫోన్ యాప్‌లు చేసేవాళ్లకి హైదరాబాద్‌లో మంచి ఉద్యోగాలే ఉన్నాయి. కాకపోతే నేర్చుకునే దశలో ఉన్న పిల్లాడికి ఓపెన్, క్లోజ్డ్ అనే తేడా జీతం దగ్గర తగలదు, తను రాసిన యాప్ ఇంకొకరి ఫోన్‌లోకి ఎక్కాలంటే ఎవరి పర్మిషన్ కావాలి, ఎంత ఖర్చవుతుంది అనే దగ్గర తగులుతుంది.

మీ షాపు సంగతే తీసుకోండి. ఆది కొలతలు రాసుకునే పుస్తకం ఒకటి ఉంటుంది కదా, ఎవరి బ్లౌజు ఎప్పుడివ్వాలి, అడ్వాన్స్ ఎంత ఇచ్చారు, బాకీ ఎంత అని. అదే లెక్కని బాబు ఒక చిన్న యాప్‌గా చేశాడనుకుందాం. ఆండ్రాయిడ్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో ఉచితం, ఇప్పుడున్న విండోస్ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది, ర్యామ్ తక్కువైతే 16 జీబీకి పెంచుకుంటే చాలు. తయారైన ఏపీకే ఫైల్‌ని, అంటే ఫోన్‌లో నేరుగా వేసుకునే ఆండ్రాయిడ్ యాప్ ఫైల్‌ని, వాట్సాప్‌లో మీకు పంపిస్తాడు, ఫోన్ ఒకసారి హెచ్చరిస్తుంది, మీరు ఒప్పుకుంటే ఆ సాయంత్రానికే మీ కౌంటర్ మీద యాప్ పనిచేస్తుంది. అదే ఐఫోన్ అయితే, యాప్ తయారుచేసే ఎక్స్‌కోడ్ మ్యాక్‌లో తప్ప నడవదు, ఉచిత ఖాతాతో మీ ఫోన్‌లో వేసిన యాప్ 7 రోజులకి ఆగిపోతుంది, మళ్లీ ఎక్స్‌కోడ్ నుంచి వేయాలి. బాబు హాస్టల్లో, మీరు షాపులో, అది ఎలా కుదురుతుంది? ఆ ఇబ్బంది లేకుండా ఉండాలంటే ఆపిల్‌కి ఏడాదికి 99 డాలర్లు, అంటే ఎనిమిది వేల పైమాటే, ఏటేటా కట్టాలి. ప్లే స్టోర్‌కి 25 డాలర్లు, అదీ ఒక్కసారే.

ఇంకో మాట, ఇది మీకోసం. స్టోర్‌తో పని లేకుండా యాప్ వేసుకోగలిగే ఆ తెరిచిన తలుపు మోసగాళ్లకీ తెరిచే ఉంటుంది. పీఎం కిసాన్ అని, ట్రాఫిక్ చలాన్ అని వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలు నొక్కి ఖాతాలు ఖాళీ చేసుకున్నవాళ్లు మన దగ్గర ఎంతమందో. మీ అబ్బాయి పంపిందని ఫోన్ చేసి కనుక్కున్నాకే వేసుకోండి, ఇంకెవరిదీ వద్దు.

ఇక ఫ్రెండ్స్ అంటున్న 'ఓపెన్' గురించి. ఆండ్రాయిడ్ కోడ్ ఓపెన్ సోర్సే, అంటే ఎవరైనా చూసి వాడుకోవచ్చు, కానీ ప్లే స్టోర్ గూగుల్ సొంతం. 2024 మార్చిలో ఫీజుల గొడవలో నౌకరీ, షాదీ లాంటి మన దేశపు యాప్‌లనే గూగుల్ స్టోర్ నుంచి తీసేసింది, ప్రభుత్వం కలగజేసుకున్నాక మళ్లీ పెట్టింది. ఇప్పుడు వ్యక్తిగత ఖాతా కొత్తగా తెరిచిన డెవలపర్, అంటే యాప్ తయారుచేసేవాడు, స్టోర్‌లో యాప్ పెట్టే ముందు కనీసం 12 మంది చేత 14 రోజులు ఆపకుండా వాడించి చూపించాలి. స్టోర్ బయట ఇచ్చే యాప్‌లకి కూడా డెవలపర్ ఎవరో తేల్చుకుంటామని 2025 ఆగస్టులో గూగుల్ వాళ్లు ప్రకటించారు, 2026 సెప్టెంబర్‌లో ముందు నాలుగు దేశాల్లో మొదలుపెడతామని, విద్యార్థులకి విడిగా ఒక ఖాతా ఉంటుందని చెప్పారు. అటు ఆపిల్ మీద యూరప్ చట్టం ఒత్తిడి పెడితే 2024 మార్చి నుంచి అక్కడి ఐఫోన్లలో వేరే స్టోర్లకీ చోటిచ్చింది. తెరిచినది కొంచెం మూసుకుంటోంది, మూసినది కొంచెం తెరుచుకుంటోంది. ఈ రూల్స్ చూసుకుని కెరీర్ ఎంచుకుంటే బాబు చదువు పూర్తయ్యేలోపు అవి మళ్లీ మారతాయి.

ఒకప్పుడు విండోస్ ఫోన్ యాప్‌లే మా భవిష్యత్తు అనుకున్న కుర్రాళ్లు నాకు తెలుసు. 2020 జనవరితో మైక్రోసాఫ్ట్ ఆ ఫోన్లకి సపోర్ట్ ఆపేసింది. డేటాబేస్, నెట్‌వర్కింగ్, డేటా స్ట్రక్చర్స్ గట్టిగా వచ్చినవాళ్లు కొన్ని నెలల్లో ఆండ్రాయిడ్‌కి మారిపోయారు, బటన్లు ఎక్కడ పెట్టాలో మాత్రమే నేర్చుకున్నవాళ్లు చాలా కష్టపడ్డారు, వాళ్ల టెన్షన్ చూసినవాడిగా చెప్తున్నాను. కాబట్టి బాబుని ఆండ్రాయిడ్ యాప్‌లు రాసే భాష కోట్లిన్‌తో మొదలుపెట్టనివ్వండి, ఒక యాప్ పూర్తి చేశాక కావాలంటే ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకీ యాప్ చేసే ఫ్లట్టర్ చూస్తాడు. ఐఫోన్ మీద ఇష్టం అప్పటికీ తగ్గకపోతే ఐఫోన్ యాప్‌ల భాష స్విఫ్ట్ నేర్చుకోవడం అంత కష్టం కాదు, ఆ పని చేయించుకునే కంపెనీలు మామూలుగా మ్యాక్ వాళ్లే ఇస్తాయి, సొంతానికి కావాలంటే పాత మ్యాక్ మినీ మ్యాక్‌బుక్ కన్నా చాలా తక్కువలో దొరుకుతుంది.

ఈసారి ఇంటికొచ్చినప్పుడు మీ ఆది పుస్తకం చేతికివ్వండి. శ్రావణ మాసం రద్దీలో ఆ యాప్ రెండు వారాలు మీ పుస్తకం అవసరం లేకుండా నడిస్తే నాకు మళ్లీ రాయండి, మ్యాక్ సంగతి అప్పుడు మాట్లాడదాం.