35 వేలలో 55 అంగుళాల టీవీ: ముందు మీ గోడ చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: కనిగిరి దగ్గర పల్లెలో ఇల్లు, హాలు పొడవు పదడుగులు, చేతిలో 35 వేలు. పెద్దవాళ్ళు ఎక్కువగా చూసేది కేబుల్ ఛానళ్ళే. 55 అంగుళాల స్మార్ట్ టీవీ తీసుకోవచ్చా, ఆన్‌లైన్లోనా షాపులోనా, బిగించుకునేటప్పుడు ఏం చూసుకోవాలి అని.

తీసుకోవచ్చు. 2025 దసరాకి నేనూ అదే పని చేశాను. నేనుండేది నెల్లూరు, అమ్మానాయన ఉండేది బిట్రగుంట. ఇల్లు రైలు పట్టాలకి కూతవేటు దూరం. వాళ్ళకోసం టీవీ ఎంచడానికి మూడు వారాలు రాత్రిళ్ళు కూర్చుని రివ్యూలు చూశాను. అది పెట్టబోయే ఇంటిని మాత్రం మూడు నిమిషాలు కూడా చూడలేదు. తర్వాత పడ్డ తిప్పల్లో ముప్పాతిక వంతు దానివల్లే. అందుకే మీకు గోడతోనే మొదలుపెడుతున్నా.

మాది తాత కట్టించిన ఇల్లు. ఇటుక గోడ, పైన సున్నం గార. కంపెనీ తరపున బిగించే కుర్రాడు వచ్చి డ్రిల్లు పెట్టాడు. ముందు తెల్లపొడి రాలింది, తర్వాత ఎర్రపొడి, ఆ తర్వాత డ్రిల్లు పండిన బొప్పాయిలో చెంచా దిగినట్టు సర్రున లోపలికి పోయింది. ప్లాస్టిక్ ప్లగ్గు కొట్టి స్క్రూ బిగిస్తుంటే ప్లగ్గు కూడా దాంతోపాటే గిర్రున తిరుగుతోంది. ఇంకో చోట పెట్టాడు, అదే కథ. నాలుగు బొక్కలయ్యాక, "సార్, ఈ గోడకి నేను బాధ్యత తీసుకోలేను" అని ఫోన్లో ఏదో నొక్కుకుని వెళ్ళిపోయాడు. అతన్ని తప్పు పట్టను. 55 అంగుళాల టీవీ 12 నుంచి 15 కేజీల దాకా ఉంటుంది, కింద నాయన మంచం.

చివరికి ఊళ్ళో కార్పెంటర్ పెద్దాయన వచ్చి గోడని వేళ్ళతో టకటకా కొట్టి చూశాడు. "నాలుగు బొక్కల మీద బరువంతా వేస్తే పడిద్ది. పలక మీద పరిస్తే ఎందుకు పడిద్ది?" అన్నాడు. ముప్పావు అంగుళం మందం ప్లైవుడ్ పలక, నాలుగడుగులు బై రెండడుగులు, గార దాటి ఇటుకలోకి దిగేలా పొడుగు బోల్టులు ఎనిమిది చోట్ల వేసి బిగించాడు. టీవీ స్టాండు ఆ పలకకి వేశాడు. పలకకి గోడ రంగే వేశాం. కూలీతో కలిపి 1,800 అయింది. మాది సముద్రానికి దగ్గర కాబట్టి మామూలు ఇనుప బోల్టులు వద్దని స్టీలువి తెప్పించాడు. మీ వైపు ఉప్పుగాలి బాధ ఉండదు గానీ, పాతకాలం రాతి గోడైతే డ్రిల్లు దిగదు, మట్టి గోడైతే ఆగదు. కాబట్టి టీవీ ఆర్డరు పెట్టకముందే గోడకి ఒక బొక్క పెట్టించి చూసుకోండి.

గోడకి వద్దు, బల్ల మీద పెడతాం అంటే బల్ల వెడల్పు కొలవండి. 55 అంగుళాలంటే మూల నుంచి మూలకి. అడ్డంగా నాలుగడుగులు, ఎత్తు రెండుంపావు అడుగులు ఉంటుంది. చాలా టీవీలకి కాళ్ళు రెండు చివర్లలో ఉంటాయి. పాత టీవీ పెట్టిన రెండడుగుల బల్ల మీద ఇది నిలబడదు. కాళ్ళ మధ్య దూరం ఎంతో కంపెనీ వివరాల్లో రాసి ఉంటుంది, చూడండి.

ఎత్తు గురించి ఒక మాట. మనవాళ్ళు టీవీని దేవుడి పటం వేలాడదీసే ఎత్తులో పెట్టించుకుంటారు, నెల తిరిగేసరికి మెడ నొప్పులు. కూర్చున్నప్పుడు కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో తెర మధ్యభాగం దాదాపు అక్కడే ఉండాలి. మా ఇంట్లో టీవీ కింది అంచు నేల నుంచి 28 అంగుళాల దగ్గరుంది. అట్టపెట్టెని కత్తిరించి గోడకి టేపుతో అంటించి, నాయనని ఎదురుగా కూర్చోబెట్టి చూసి మరీ గీత గీశాం.

ఇక సైజు. పదడుగుల హాల్లో మనిషి కూర్చునేది ఏడెనిమిది అడుగుల దూరంలో. 4కె బొమ్మకి, అంటే ఎక్కువ చుక్కలతో స్పష్టంగా వచ్చే బొమ్మకి, ఆ దూరంలో 55 హాయిగా ఉంటుంది. చిక్కల్లా కేబుల్‌తోనే. మామూలు ఎస్‌డీ ఛానల్ బొమ్మ 720 అడ్డం, 576 నిలువు చుక్కలు. 4కె తెర 3840 అడ్డం, 2160 నిలువు. లెక్క కడితే ఒక్కో చుక్కని సరిగ్గా 20 చుక్కలుగా సాగదీయాలి. చిన్న దోసెపిండి ముద్దని పెద్ద పెనమంతా పరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. మొదటిరోజు పసుపు, తెలుపు, ఎరుపు వైర్లతో పాత సెట్‌టాప్ బాక్సు తగిలిస్తే నాయన రెండు నిమిషాలు చూసి, "ఏంరా ఇది, ఇంత డబ్బు పోసింది మసక చూడ్డానికా?" అన్నాడు. బాక్సుని హెచ్‌డీకి మార్చి, బొమ్మా సౌండూ ఒకేదాంట్లో వచ్చే హెచ్‌డీఎంఐ వైరుతో కలిపాక గానీ ఆయన మొహం తేటపడలేదు. మీవాళ్ళు చూసే ఛానళ్ళు హెచ్‌డీలో వస్తాయో లేదో కేబుల్ అతన్ని ఇప్పుడే అడగండి. రావంటే నా సలహా 43 అంగుళాలే. మొహమాటం లేకుండా చెబుతున్నా, ఎస్‌డీ కేబుల్ కోసం 55 దండగ.

ధరల విషయానికొస్తే, 32 అంగుళాలకి పైబడిన టీవీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం కాస్తా 18 అయింది. పన్ను కాకుండా 30 వేలున్న టీవీ అంతకుముందు 38,400 పడేది, ఇప్పుడు 35,400. నాకు టీవీకి 31 వేల చిల్లర అయింది. మీరు 35 వేలూ టీవీకే పెట్టేయకండి. పలక, వైర్లు, స్టెబిలైజరు కలిసి నాకు ఇంకో ఐదు వేల దాకా మింగాయి.

కొనడం. నేను ఆన్‌లైన్లో కొన్నాను, దెబ్బ తిన్నాను. టీవీ పెట్టెని ఎప్పుడూ నిలబెట్టే తేవాలి, పెట్టె మీద బొమ్మ కూడా వేసి ఉంటుంది. మాకొచ్చిన ఆటోలో మాత్రం దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి పైన ఇంకేవో పార్సిళ్ళు పెట్టారు. నేను చూసి కూడా ఊరుకున్నాను, అదీ నా తెలివి. స్విచ్చి వేస్తే పై ఎడమ మూల సిరా ఒలికినట్టు నల్లగా, అక్కడి నుంచి కింద దాకా రంగు గీతలు. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయలేదు. ఇక చూడండి, "మీరే పగలగొట్టారేమో" అన్న ధోరణిలో మాటలు. ఇంజనీరు వచ్చి చూడాలి అన్నారు, అతను ఆరు రోజులకి వచ్చాడు. చివరికి 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు చేశాక కదిలారు. తొమ్మిదో రోజుకి వేరే టీవీ వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ అమ్మ ఒకే మాట: "షాపులో అయితే పోయి నాలుగు మాటలన్నా అనొచ్చు గదా."

అమ్మ మాటే ఇప్పుడు నా అభిప్రాయం కూడా. తేడా రెండు వేల లోపైతే షాపులో కొనండి. మీకు ఒంగోలు పోయినా నష్టం లేదు. ఆన్‌లైన్ ధర ఫోన్లో చూపించి అడిగితే కొంతన్నా దిగుతారు. షాపులో వాళ్ళు వేసే చిలకలూ జలపాతాల వీడియో చూసి మోసపోకండి, దాంట్లో ఏ టీవీ అయినా మెరుస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఒక పాత సినిమా, ఒక రాత్రి సీను ఉన్న కొత్త సినిమా వేసుకెళ్ళి అవి పెట్టమనండి. చీకటి సీన్లో మూలలు బూడిద రంగులో వెలుగుతుంటే ఆ టీవీ వద్దు. ఆన్‌లైన్లోనే కొంటే పెట్టె విప్పి చూసి తీసుకునే పద్ధతి ఉన్న చోట కొనండి, టేపు కోసిన క్షణం నుంచి బొమ్మ వచ్చేదాకా ఆపకుండా వీడియో తీయండి.

క్యూఎల్ఈడీ అని రాసి ఉంటే ఎగబడక్కర్లేదు. అది కూడా ఎల్‌సీడీ తెరే, వెనక లైటు ముందు రంగులు బాగా రావడానికి ఒక పొర అదనం. మంచిదే, కానీ వెనక లైటు లేకుండా ప్రతి చుక్కా తనంతట తనే వెలిగే ఓఎల్ఈడీ లాంటిది కాదు. ఈ ధరలో హెచ్‌డీఆర్ (వెలుగునీడలు బాగా తేడాగా చూపించేది) అనే ముద్ర కూడా చాలావరకు పేరుకే, తెరకి అంత వెలుగు ఉండదు. నేనైతే 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజీ, కనీసం మూడు హెచ్‌డీఎంఐలు ఉన్నాయా అని చూస్తాను, అన్నిటికంటే ముందు సర్వీసు గురించి అడుగుతాను. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి, మనిషి ఏ ఊరి నుంచి వస్తాడో కనుక్కోండి. కావలిలో తెలిసిన మెకానిక్ ఉంటే ఏ బ్రాండు తీసుకోమంటావని అడిగాను. "లైట్ల పట్టీ పోతే మారుస్తా, పవర్ బోర్డు పోతే బాగుచేస్తా, తెర పోతే మాత్రం నా దగ్గరికి తేబాక అబ్బయ్యా" అన్నాడు. కొత్త తెర ఖర్చు కొత్త టీవీకి దగ్గర్లో ఉంటుందట. పగిలిన తెరకి వారంటీ కూడా రాదు. పిల్లలు బంతాట ఆడే ఇల్లైతే ఇది గుర్తుంచుకోండి.

కరెంటు. ఇప్పటి టీవీలు వోల్టేజీ తగ్గినా తట్టుకుంటాయి, పెరిగితేనే ప్రమాదం. పల్లెల్లో గాలివానకి న్యూట్రల్ వైరు వదులైతే ఇంట్లోకి ఒక్కసారిగా 300 పైన రావచ్చు. దానికి స్పైక్ గార్డు చాలదు, అది క్షణకాలం వచ్చే పోటుని ఆపడానికే. వోల్టేజీ పెరిగితే తనంతట తనే కట్ చేసే స్టెబిలైజరు పెట్టుకోండి, ఎర్తింగ్ సరిగా ఉందో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. అక్టోబర్ చివర్లో మొంథా తుఫానుకి మా దగ్గర కరెంటు వస్తూ పోతూ ఆడుకుంది. అమ్మ అసలు ప్లగ్గే పీకేసింది, అది ఇంకా మేలు. ఉరుములప్పుడు ప్లగ్గుతోపాటు కేబుల్ వైరూ, ఇంటర్నెట్ వైరూ కూడా పీకాలి, పిడుగు పోటు వాటిలోంచి కూడా వస్తుంది. కరెంటు బిల్లు గురించి భయపడక్కర్లేదు. ఇలాంటి టీవీ నూరు వాట్ల చిల్లర లాగుతుంది, రోజుకి ఐదు గంటలు చూస్తే అర యూనిట్టు, కాస్త పైన.

ఇంటర్నెట్ మాకు వసారాలో రౌటర్, మధ్యలో రెండు లావు గోడలు. వైఫై నత్తనడక. రౌటర్ నుంచి నేరుగా టీవీకి 15 మీటర్ల ల్యాన్ వైరు (ఇంటర్నెట్ వైరు) లాగితే సమస్య తీరిపోయింది. 4కె బొమ్మకి 25 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ వేగం ఉంటే ధారాళం.

సెట్టింగులకి ఒక గంట కేటాయించండి. ముందు అప్‌డేట్ పూర్తికానివ్వండి. మీ సొంత గూగుల్ ఖాతా కాకుండా ఇంటికోసం వేరే ఖాతా తెరవండి, లేకపోతే మీరు చూసే వీడియోలన్నీ అమ్మానాన్నల ముందు ప్రత్యక్షమవుతాయి. పిక్చర్ మోడ్ 'వివిడ్' మీద ఉంటే 'సినిమా' లేదా 'మూవీ'కి మార్చండి. మొదట్లో పచ్చగా అనిపిస్తుంది. "అందరూ పసుపు రాసుకున్నట్టున్నారే" అంది అమ్మ, నాలుగు రోజులకి అలవాటైపోయింది. కదలికని నున్నగా చేసే మోషన్ సెట్టింగ్ సినిమాలకి తీసేయండి, లేకపోతే పాత సినిమా కూడా సీరియల్ లాగా కనిపిస్తుంది. క్రికెట్‌కి ఉంచుకోవచ్చు.

పెద్దవాళ్ళకి అసలు టెన్షన్ రెండు రిమోట్లతో. కొన్ని టీవీల్లో ఆన్ చేయగానే నేరుగా హెచ్‌డీఎంఐ 1కే, అంటే కేబుల్‌కే, వెళ్ళేలా పెట్టుకోవచ్చు. మా దాంట్లో ఆ సౌకర్యం లేదు. అమ్మే ఉపాయం కనిపెట్టింది. టీవీ రిమోట్లో ఇన్‌పుట్ బటన్ మీద ఎర్ర బొట్టుబిళ్ళ అంటించింది. ఇప్పుడు నాయన "బొట్టు నొక్కు" అంటాడు, పని జరిగిపోతుంది. బిళ్ళ జిగురు పోతే కొత్తది అంటిస్తుంది.

సౌండు మాత్రం ఈ ధర టీవీల్లో నీరసమే. స్పీకర్లు కిందికి చూస్తుంటాయి, మాటలు గొణిగినట్టుంటాయి. మాకైతే పది నిమిషాలకో గూడ్సు బండి. అది పోయేంతసేపూ నాయన వాల్యూమ్ పెంచుతూ పోతాడు, పోయాక తగ్గించడం మర్చిపోతాడు. సంక్రాంతికి చిన్న సౌండ్‌బార్ తెచ్చి ఏఆర్‌సీ అని రాసి ఉన్న (టీవీ సౌండుని బయటికి పంపే) హెచ్‌డీఎంఐకి పెట్టాను, టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మారుతుంది. మీ ఇల్లు నిశ్శబ్దంగా ఉండే చోటైతే ముందు ఆర్నెల్లు అది లేకుండా చూడండి, అవసరం పడకపోవచ్చు.

మీ గోడ ఇటుకదా, రాయిదా, మట్టిదా, మీ కేబుల్ బాక్సు ఎస్‌డీదా హెచ్‌డీదా, ఈ రెండూ కింద రాయండి. అవి తెలిస్తే 43 చాలో 55 తీసుకోవాలో, ఏ బోల్టు పట్టుకెళ్ళాలో చెబుతాను.