బండి కొనబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మణ్ణికి, మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి, నువ్వు స్కూటర్ కొనాలనుకుంటున్నావని చెప్పినప్పటి నుండి నాకు సరిగా నిద్ర పట్టలేదు. సైకిల్ పేరెత్తితేనే చేతులు చల్లబడే పిల్ల, ముత్యాలరెడ్డిపల్లె నుండి తిరుచానూరుకు రోజూ రెండు ఆటోలు మారడం ఇక చాలని తనంతట తానే నిర్ణయించుకున్నదంటే ఎంతో గర్వంగా ఉంది. అయితే నీ తమ్ముడు ఏ బండి చూసిపెట్టాడో విన్నాక ఆ గర్వంలోనే భయం కూడా కలిసింది. ఎలాగూ కొంటున్నాం కాబట్టి 125 సీసీ ఇంజను ఉన్న బండి తీసుకుంటే ఇంట్లో అందరికీ పనికొస్తుందని వాడు అన్నాడట. సరిగ్గా ఆ మాటే నేను 2001లో విన్నాను, విని తల ఊపాను.

లైసెన్సు సంగతి నీకు తెలిసినదే: నేర్చుకునేవాళ్లకిచ్చే ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, ముప్పై రోజులు గడిచాకే పరీక్షకు పోవాలి. ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్ బండికంటే ముందే కొనుక్కో. చున్నీని నడుముకు బిగించి కట్టుకో.

ఇక 2001 సంగతి చెబుతాను. అప్పుడు నీకు మూడేళ్లు. అందరమూ తిరుపతిలో కోనేటికట్ట దగ్గర ఒకే ఇంట్లో ఉండేవాళ్లము, నేను చంద్రగిరి బడికి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. మీ నాయన నా మీద ప్రేమతోనే, గేర్లు లేని, బటన్ నొక్కితే స్టార్టయ్యే పెద్ద స్కూటర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చాడు. గ్యాస్ సిలిండర్ ముందు పెట్టుకోవచ్చు, ఇద్దరు సుఖంగా కూర్చోవచ్చు, సెలవు రోజుల్లో తానూ వాడుకోవచ్చు అన్నాడు. డబ్బు చేతులు మారేదాకా నేను ఒక్కసారి కూడా దాని మీద కూర్చొని చూడలేదు. తీరా కూర్చుంటే కాలి వేళ్లు మాత్రమే నేలకు ఆనాయి. నాలుగు రోజుల్లో అలవాటవుతుందిలే అన్నారు, నేను కూడా నాకు నేను అదే చెప్పుకున్నాను.

బండి కదులుతున్నంతసేపు నాకు భయం ఉండేది కాదు. ఆగేటప్పుడు, ఆగి నిలబడినప్పుడు, ఇరుకు సందులో వెనక్కి తిప్పేటప్పుడు గుండె దడదడలాడేది. అందువల్ల ఇల్లు చేరగానే బండి దిగి, ఇంజను ఆపకుండానే ఎడమ పక్కన నిలబడి, కాలువ మీద వేసిన బండ నుండి గేటు వరకు ఉన్న ఏటవాలు మీదుగా దాన్ని నెట్టుకుంటూ లోపలికి తీసుకుపోయేదాన్ని. ఇంజను సాయం ఉంటే బరువు తెలియదని నేనే కనిపెట్టిన ఉపాయం అది. ఒక సాయంత్రం నువ్వు నా బండి శబ్దం విని పరిగెత్తుకొచ్చి ఫుట్‌బోర్డు మీద ఎక్కి నిలబడ్డావు. రోజూ ఎక్కుతావు కదా అని నేను కూడా ఊరుకున్నాను. ఏటవాలు సగం ఎక్కేసరికి బండి నా వైపు ఒరిగింది, పడిపోతుందేమోనని కుడి చేతిని గట్టిగా బిగించాను. అంతే, యాక్సిలరేటర్ తిరిగి బండి ముందుకు దూకింది. బండి ముందుకు, నేను వెనక్కి. పట్టు వదలని చేయి సాగినకొద్దీ మణికట్టు ఇంకా కిందికి తిరిగింది, బండి ఇంకా రైజ్ అయింది. గేటుకు కొట్టుకొని ఆగింది. నీ ఎడమ కనుబొమ్మ మీద ఉన్న చిన్న గీత ఆనాటిదే, నాలుగు కుట్లు పడ్డాయి.

ఆసుపత్రిలో మీ అమ్మ అడిగితే బ్రేకు పట్టలేదని చెప్పాను. మీ నాయన ఆ మాట నమ్మి, నెల తిరగకుండానే ఆ బండిని నష్టానికి అమ్మేశాడు. బ్రేకు బాగానే ఉంది అమ్మణ్ణీ. నేను దాన్ని పట్టనే లేదు, పట్టవలసిన చేయి యాక్సిలరేటర్‌ను పిసుకుతూ ఉండిపోయింది. తాళం తిప్పి దిగి ఉంటే, లేదా ఇంజను ఆపి నెట్టగలిగినంత తేలికైన బండి నాకు ఉండి ఉంటే, ఆ గీత నీ ముఖం మీద ఉండేది కాదు. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఈ ఉత్తరం మీ నాయనకు కూడా చదివి వినిపించు. బండ్లంటే నీకున్న బెదురు ఆ సాయంత్రమే మొదలైందేమోనని తలచుకున్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్లవుతుంది. నిన్ను పిరికిదానివని ఎవరైనా అంటే నాకు అంత కోపం రావడానికి కారణం కూడా అదే.

ఆ తరువాత నాలుగేళ్లు మళ్లీ బస్సే. 2005లో చిన్న స్కూటీ పెప్ కొనుక్కొని, ఉద్యోగ విరమణ చేసిన 2019 దాకా దాని మీదే చంద్రగిరికి తిరిగాను. నాలో ధైర్యం పెరిగి కాదు, ఆ బండి ఒరిగితే ఒంటి కాలితో ఆపుకోగలిగేదాన్ని కనుక.

కాబట్టి నువ్వు బండిని నిలబెట్టి చూసి ఎంచుకో. షోరూములో కాగితం మీద ఉన్న అంకెలు చదువు, కానీ వాటికే కట్టుబడవద్దు. స్కూటీ జెస్ట్ బరువు సుమారు 103 కిలోలు, సీటు ఎత్తు 760 మిల్లీమీటర్లు. ఫాసినో 125 సీసీదే అయినా 99 కిలోలే, కానీ దాని సీటు 780. నీలాంటి ఐదడుగుల మనిషికి ఆ రెండు సెంటీమీటర్లు మడమ ఆనడానికీ ఆనకపోవడానికీ మధ్య తేడా కావచ్చు. సీటు వెడల్పుగా ఉంటే తొడలు విచ్చుకొని, ఎత్తు తక్కువైన బండి మీద కూడా కాళ్లు అందవు, ఆ సంగతి కాగితం మీద ఉండదు. ఉద్యోగానికి వేసుకునే చెప్పులే వేసుకొని, కట్టుకునే బట్టలే కట్టుకొని వెళ్లి కూర్చో. రెండు మడమలూ ఆనాయా చూడు. తరువాత దిగి, ఇంజను ఆపి, పది అడుగులు ముందుకు, పది అడుగులు వెనక్కి నెట్టు. సెంటర్ స్టాండు మీదికి నువ్వే ఎక్కించు. దాన్ని చేతులతో పైకి లాగకూడదు, స్టాండు మీద ఒంటి బరువంతా మోపి తొక్కితే బండి తానే వెనక్కి లేస్తుంది. అమ్మే కుర్రాడు సాయం చేస్తానంటే వద్దని చెప్పు, రేపు నీ ఆఫీసు ముందు అతను ఉండడు. ఈ పరీక్షలో నెగ్గిన 110 సీసీ బండి ఏదైనా నాకు సమ్మతమే. నీ తమ్ముడికి కావలసిన బండిని వాడు తన జీతంతో కొనుక్కోవచ్చు.

ఎలక్ట్రిక్ బండి కూడా చూస్తున్నావని మీ నాయన అన్నాడు. ఖర్చు తక్కువే కావచ్చు, కానీ బ్యాటరీ వల్ల వాటిలో చాలావరకు 110 కిలోలు దాటుతాయి. పైగా ఆగి ఉన్నప్పుడు శబ్దం ఉండదు కనుక, బండి ఆన్‌లో ఉన్నదో లేదో చెవికి తెలియదు. నాకు శబ్దం వినిపిస్తున్నప్పుడే అంత జరిగింది. నీకు అదే నచ్చితే, సైడ్ స్టాండు వేయగానే మోటారు ఆగిపోతుందో లేదో నీ కళ్లతో చూసుకో. ఏ బండి అయినా సరే, సీటు మీద నుండి లేవకముందే తాళం తిప్పాలి. ఇది నాకు మాట ఇవ్వాలి.

2019 ఏప్రిల్ నుండి 125 సీసీ వరకు ఉన్న కొత్త బండ్లన్నిటికీ కాంబి బ్రేకు గానీ, గట్టిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ గానీ తప్పనిసరి అయింది, అది నీకు మంచిదే. కాంబి బ్రేకు ఉన్న స్కూటర్‌లో ఎడమ మీట నొక్కితే రెండు చక్రాలకూ బ్రేకు పడుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు, గుంపులో ఆగేటప్పుడు ఎడమ చేతినే నమ్ముకో. కుడి చేతితో బ్రేకు పట్టబోతే భయంలో అదే చేయి యాక్సిలరేటర్‌ను కూడా తిప్పుతుంది. మొదటి నెల లీలామహల్ సర్కిల్ వైపు పోవద్దు, మొదటి ఆరు నెలలు వెనుక ఎవరినీ కూర్చోబెట్టుకోవద్దు, మీ అమ్మ బతిమాలినా సరే.

బండి పూజ సంగతి కూడా చెప్పాలి. అలిపిరిలో చేయించినా, కాణిపాకం పోయినా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, చుట్టూ జనం నిలబడి, బండిని ముందుకు కదిలించమంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు దానికంటే కష్టమైన పని లేదు. మీ నాయనను ఎక్కించు, లేదా ఇంజను ఆపి నెట్టు. నిమ్మకాయలు ఎలాగైనా నలుగుతాయి. ఆ ఊపులో అటునుంచి అటే తిరుమల కొండకు పోదామని ఎవరన్నా ఒప్పుకోవద్దు. ఎక్కడం ఎలాగో ఎక్కుతావు. 1944లో తెరిచిన ఆ పాత ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు గేర్లు లేని బండిని నెమ్మదిగా పోనిస్తే ఇంజను పట్టు దాదాపు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కుతాయి. ఏడాది గడవనీ, ఇద్దరం కలిసి బస్సులో వెళ్లి దర్శనం చేసుకుందాం.

శనివారం పొద్దున మొదటి బస్సుకు చిత్తూరు నుండి బయలుదేరుతాను. నేను వచ్చేదాకా అడ్వాన్సు కట్టవద్దు, ఆ చెప్పులు వేసుకోవడం మరువవద్దు.

ఇట్లు,
మీ అత్త