మేనేజర్ ఎలాంటివాడో ఇంటర్వ్యూలోనే తెలుస్తుందా?

ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే కొంతకాలం పనిచేసే అనుమతి) మీద అమెరికాలో ఉన్న ఒక తమ్ముడు ఈ మధ్య అడిగాడు: "అన్నా, మూడు రౌండ్లయ్యాయి. ఆఫర్ వచ్చేలాగే ఉంది. కానీ మేనేజర్‌తో మాట్లాడిన అరగంటా ఏదో ఇబ్బందిగా అనిపించింది. నేనే లేనిపోనివి ఊహించుకుంటున్నానా?"

ఊహ అని కొట్టిపారేయక్కర్లేదు. కాకపోతే ఆ ఇబ్బంది దేనివల్ల కలిగిందో విడదీసి చూసుకోవాలి. అమెరికాకు కొత్తగా వచ్చినప్పుడు మనం భయపడక్కర్లేనివాటికి భయపడతాం, భయపడాల్సినవాటిని అవసరం మనది కదా అని వదిలేస్తాం.

మీరు మాట్లాడుతుంటే ఆయన నవ్వకుండా టైప్ చేస్తూ కూర్చున్నాడనుకోండి. నోట్స్ రాసుకుంటున్నాడంతే. చాలా కంపెనీల్లో ఇంటర్వ్యూ అయ్యాక ఫీడ్‌బ్యాక్ రాసివ్వాలి. "ఈ పద్ధతి పనిచేయదనుకుంటాను, ఎందుకు ఎంచుకున్నారు?" అని మొహం మీదే అడిగాడా? అది ఇక్కడ మామూలే, మీరు ఎలా వాదిస్తారో చూస్తున్నాడు. పొగడకపోవడం, కబుర్లు చెప్పకపోవడం, సమయం కాగానే కాల్ పెట్టేయడం కూడా ప్రమాద సూచనలు కావు. పైగా నాకు తెలిసిన చెడ్డ మేనేజర్లలో సగం మంది ఇంటర్వ్యూలో తేనె ఒలకబోసినవాళ్లే.

అందులో ఒకాయన దగ్గర నేనే పనిచేశాను. హెచ్-1బి (కంపెనీ స్పాన్సర్ చేసే వర్క్ వీసా) మీద రెండో ఉద్యోగం వెతుక్కుంటున్న రోజులవి. వీడియో కాల్‌లోకి 20 నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు, సారీ చెప్పలేదు. బిజీ మనిషిలే అనుకున్నాను. నాకు ముందు ఆ సీట్లో ఉన్నతని గురించి నేను అడగకుండానే చెప్పాడు: "ఇక్కడి స్పీడు తట్టుకోలేకపోయాడు. కొందరంతే." నవ్వాడు. నేనూ నవ్వాను. మొదటి పరిచయంలోనే ఎంత ఓపెన్‌గా మాట్లాడుతున్నాడో అని ముచ్చటపడ్డాను కూడా. చేరిన ఎనిమిది నెలలకు, టీమ్ మీటింగులో అందరి ముందూ ఆ తట్టుకోలేని మనిషిని నేనయ్యాను.

అప్పటినుంచి ముందుగా చూసేది ఒక్కటే. ఎదురుగా లేని మనిషి గురించి ఇతను ఎలా మాట్లాడుతున్నాడు? దీన్ని బయటపెట్టే ప్రశ్న చాలా మామూలుది. "ఈ పోస్టు కొత్తదా, ఇంతకుముందు ఎవరైనా చేశారా? వాళ్లిప్పుడు ఎక్కడున్నారు?" ఇలా అడగడం ఇక్కడ మర్యాద తక్కువేం కాదు. వేరే టీమ్‌కి వెళ్లారు, ప్రమోషన్ వచ్చింది, ఇంకో కంపెనీలో మంచి అవకాశం దొరికింది అంటే సరే. ఏడాదిలో ఆ సీట్లో ఇది మూడో మనిషి అని తేలితే మాత్రం ఆగాలి. తప్పంతా వెళ్లిపోయినవాళ్లదే అయితే ఇంకా ఆగాలి. ఆ మధ్య ఒకావిడ ఈ ప్రశ్నకు కాసేపు ఆలోచించి, "అతను వెళ్లడంలో నా పొరపాటూ ఉంది. ఒకేసారి రెండు ప్రాజెక్టులు మీద పడేశాను. ఇప్పుడు ప్రాధాన్యం నేనే రాసిస్తున్నాను" అంది. నేను చేరింది ఆవిడ టీమ్‌లోనే.

రెండోది, టీమ్‌లో వాళ్లతో మేనేజర్ లేకుండా అరగంట మాట్లాడిస్తారా అని రిక్రూటర్‌ని అడగండి. చాలాచోట్ల ఇదెలాగూ ఒక రౌండుగా ఉంటుంది. లేనిచోట అడిగితే, "అవసరం లేదు, ఏదైనా నన్నే అడగండి" అని మేనేజర్ అడ్డుపడితే అదే మీకు జవాబు. మాట్లాడే అవకాశం దొరికితే "మీ మేనేజర్ మంచివాడా?" అని అడక్కండి, ఎవరూ కాదనరు. "పోయినసారి ఏదైనా డెడ్‌లైన్ తప్పినప్పుడు ఏం జరిగింది?" అని అడగండి. "ఆయన మాటతో మీరు ఒప్పుకోని సందర్భం ఒకటి చెప్పండి" అనండి. జవాబు కంటే ముందొచ్చే నిశ్శబ్దాన్ని వినండి. ఒక ప్యానెల్ ఇంటర్వ్యూలో నేనేం అడిగినా ఇద్దరు ఇంజనీర్లు ముందు మేనేజర్ మొహం చూసి ఆ తర్వాత నోరు తెరిచారు. ఒకమ్మాయి మొదలుపెట్టిన వాక్యాన్ని ఆయనే రెండుసార్లు పూర్తిచేశాడు.

ఒకే ప్రశ్నను ఇద్దరినీ అడగడం కూడా పనికొస్తుంది. "మొదటి 90 రోజుల్లో నానుంచి ఏం ఆశిస్తారు?" మేనేజర్ ఒకటి, టీమ్ ఇంకొకటి చెబితే చేరాక ఆ రెండింటి మధ్యా నలిగేది మీరే. ఆయనకే స్పష్టత లేక "చేరండి, తర్వాత చూద్దాం" అంటే, ఏడాది చివర రివ్యూలో మిమ్మల్ని దేనితో కొలుస్తారో ఆలోచించండి. లింక్డిన్‌లో ఆయన కింద పనిచేసినవాళ్లు ఎన్నాళ్లు ఉన్నారో ఓసారి చూసుకోండి.

ఇదంతా ఎవరికైనా వర్తించేదే. వీసా మీద ఉన్నవాళ్లకు ఎందుకు మరీ ముఖ్యమంటే, మనకు తలుపు తోసుకుని బయటికి వచ్చేయడం అంత తేలిక కాదు. హెచ్-1బిలో ఉద్యోగం పోతే వరుసగా 60 రోజులకు మించి గడువు ఉండదు, ఐ-94లో (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఉన్న తేదీ అంతకుముందే వస్తే అప్పటివరకే. ఓపీటీలో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం కలిపి 90 రోజులు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ చదివినవాళ్లకిచ్చే) పొడిగింపు వస్తే 150. ఈ సంగతి కొందరు మేనేజర్లకు మనకంటే బాగా తెలుసు. భవిష్యత్తులో స్పాన్సర్‌షిప్ కావాలా అని రిక్రూటర్ అడగడంలో తప్పేమీ లేదు. కానీ మేనేజర్ నోటి నుంచి "వీసా మీద ఉన్నవాళ్లు నిలకడగా ఉంటారు, అది నాకిష్టం" అన్న మాట వస్తే, మీ పనితనం కంటే మీరు కదల్లేకపోవడమే ఆయనకు నచ్చిందని అర్థం. హెచ్-1బి కొత్త కంపెనీకి మార్చుకోవచ్చనీ, వాళ్లు పిటిషన్ ఫైల్ చేయగానే అక్కడ పని మొదలుపెట్టొచ్చనీ గుర్తుపెట్టుకోండి.

గ్రీన్ కార్డు "ఏడాది తర్వాత చూస్తాం" అని మేనేజర్ అంటే ఆ నోటిమాట నమ్మి ఊరుకోకండి. కంపెనీ పాలసీ ఏమిటో హెచ్‌ఆర్‌ని ఈమెయిల్‌లో అడగండి. గ్రీన్ కార్డుకు తొలి మెట్టైన పెర్మ్ దశలో లాయర్ ఫీజు, ప్రకటనల ఖర్చు కంపెనీయే భరించాలని 2007 నుంచి నిబంధన ఉంది. ఆ ఖర్చు మీ జీతంలోంచి కోసుకుంటామన్నా, చేతికివ్వమన్నా అక్కడితో మాటలు ఆపేయండి. స్టెమ్ ఓపీటీకైతే ఐ-983 ఫారంలో మీకు ఏం నేర్పిస్తారో, ఎవరు పర్యవేక్షిస్తారో రాసి కంపెనీ సంతకం చేయాలి. ఆ ఫారం పేరెత్తగానే విసుక్కునే మనిషి రేపు మూల్యాంకనం మీద సంతకానికి ఎన్నిసార్లు తిప్పుతాడో ఊహించుకోండి.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్తున్నవాళ్లకు ఒక చిక్కుంది. ఇంటర్వ్యూ చేసేది క్లయింట్ మేనేజర్, జీతం ఇచ్చేది ఇంకొకరు. అందుకని ఇద్దరినీ చూడాలి. హెచ్-1బి ఉద్యోగికి ప్రాజెక్టు లేదని బెంచ్ మీద జీతం ఆపడం చట్టవిరుద్ధం. "ప్రాజెక్టు వచ్చాకే పే" అని ముందే చెప్పే కన్సల్టెన్సీ కనీసం నిజం చెబుతోంది. ఆ మాట విన్నాక అక్కడ చేరకండి.

మేనేజర్ మన తెలుగువాడే అయితే ప్రాణం లేచొస్తుంది. నిజంగానే అండగా నిలిచినవాళ్లున్నారు. అయితే భాష కలిసినంత మాత్రాన పద్ధతి కలవాలని లేదు. పదో నిమిషంలోనే "నువ్వు" అనేసి, ఇంటిపేరేంటి, మీవాళ్లు ఎవరు అని కూపీ లాగుతుంటే ఆయన వెతుకుతున్నది మీ అనుభవం కాదు. సియాటెల్ నగరం 2023లో కులవివక్షను నిషేధించిందంటే ఈ బెడద ఇక్కడిదాకా వచ్చిందనేగా. పెళ్లెప్పుడు, పిల్లలెప్పుడు అన్న ప్రశ్నలూ అంతే. "నా పని వేళలకు ఇబ్బందేమీ ఉండదు" అని తేల్చేసి పనిలోకి మళ్లించండి. మళ్లీ అక్కడికే వస్తే అర్థం చేసుకోండి. కాలిఫోర్నియాలో అయితే ఇప్పటి జీతం ఎంత అని అడగడం కూడా 2018 నుంచి కుదరదు. "ఈ పోస్టుకు మీ రేంజ్ ఎంత?" అని మీరే అడగొచ్చు.

చివరి పరీక్ష ఆఫర్ రోజున ఉంటుంది. ఆలోచించుకోవడానికి మూడు రోజులు అడగండి, నిజంగా అవసరం లేకపోయినా సరే. "తప్పకుండా" అంటే మంచిది. "మీ కోసం ఇంత చేశాను, సాయంత్రంలోగా చెప్పకపోతే వేరేవాళ్లకిస్తా" అంటే, రేపు సెలవు అడిగినా ఇదే గొంతు వినిపిస్తుంది.

తమ్ముడూ, నీ 90 రోజుల్లో 70 గడిచిపోయి ఉంటే ఇవన్నీ తెలిసీ చేరాల్సి రావచ్చు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, నేనూ చేరాను. చేరితే ఆఫర్ లెటర్, పే స్టబ్‌లు, వీసా కాగితాల కాపీలు నీ సొంత ఈమెయిల్‌లో దాచుకో. మేనేజర్ నోటితో చెప్పిన ప్రతి ముఖ్యమైన పనినీ "మీరు చెప్పినట్టు ఇలా చేస్తున్నాను" అని అదే రోజు చిన్న మెయిల్‌గా పెట్టు. రెజ్యూమే మూలన పడేయకు.

వద్దనుకుంటే మాత్రం రిక్రూటర్‌కు రెండు లైన్లు చాలు: సమయమిచ్చినందుకు థాంక్స్, ఈ అవకాశం తీసుకోలేకపోతున్నాను. మేనేజర్ గురించి ఒక్క ముక్క కూడా రాయకు. అదే కంపెనీలో అదే రిక్రూటర్ ఆరు నెలల తర్వాత వేరే టీమ్ కోసం ఫోన్ చేయొచ్చు. నాకు అలా ఒకసారి చేశారు.