తోలుతో స్టీమ్‌పంక్ మాస్క్ చేతితో చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

స్టీమ్‌పంక్ అంటే తెలుసుగా, ఆవిరి యంత్రాల కాలం నాటి వస్తువులా కనిపించేలా తోలు, ఇత్తడి, పళ్ళచక్రాలతో చేసే ఊహా అలంకారం. మీరు అడిగినవి మూడు. ఏ తోలు కొనాలి, దానికి ముఖం ఆకారం ఎలా తేవాలి, పళ్ళచక్రాలు గట్రా దేంతో అతికించాలి అని. ఇంతకుముందెప్పుడూ తోలు పని చేయలేదని కూడా అన్నారు. నేనూ అలాగే దిగాను. ఇప్పటికి మూడు మాస్కులు చేశాను, మొదటిది చెత్తబుట్టలోకి పోయింది, రెండోది గోడకి వేలాడుతోంది, మూడోదే ముఖానికి పెట్టుకుని నాలుగైదు గంటలు తిరగగలిగాను. మనందరికీ చక్రాల మీదే మోజు కాబట్టి అక్కడే మొదలుపెడతాం, నేనూ అక్కడే పప్పులో కాలేశాను. ముందు ముఖానికి కూర్చునే మాస్క్ చేయండి, సింగారం తర్వాత.

తోలు సంగతి. మొదటిసారి చేతికి మెత్తగా ఉంది, రంగు బాగుంది అని బ్యాగులు కుట్టే తోలు తెచ్చాను, కత్తిరించి నీళ్ళలో నానేసి థర్మాకోల్ తల మీద పరిచి చుట్టూ పిన్నులు గుచ్చి రెండు రోజులు కదపకుండా ఉంచాను, పిన్నులు తీయగానే తడిగుడ్డలా జారిపోయి మళ్ళీ బల్లపరుపుగా పడుకుంది. అది క్రోమ్ టాన్ అని అప్పుడు తెలిసింది. క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు మెత్తగా సాగుతుంది గానీ, తడిపి ఒత్తిన ఆకారాన్ని పట్టుకుని ఉండదు. మనకి కావలసింది వెజ్ టాన్, అంటే చెట్ల బెరడుల్లో కాయల్లో ఉండే వగరుతో పదును చేసిన తోలు. తడిస్తే మైనంలా వంగుతుంది, ఆరితే అలాగే బిగుసుకుంటుంది. రంగు వేయని వెజ్ టాన్ లేత గోధుమ రంగులో ఉంటుంది, నీటి చుక్క వేస్తే పీల్చుకుని అక్కడ రంగు ముదురుతుంది. క్రోమ్ టాన్ అయితే కోసిన అంచు లోపల చాలాసార్లు నీలి బూడిద రంగు కనిపిస్తుంది. మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు చాలు. మందాన్ని ఔన్సుల్లో చెప్పి అమ్మితే ఒక ఔన్సు అంటే సుమారు 0.4 మిల్లీమీటర్లు, కాబట్టి 5-6 ఔన్సులది అడగండి. ఇంకా మందంది తీసుకుంటే ముక్కు పక్కన ఒంపు తిరగదు, పల్చనిదైతే బుగ్గల దగ్గర లొట్టపడుతుంది. పశువు భుజం భాగం తోలు దొరికితే మంచిది, పొట్ట భాగం ఒక్కోచోట ఒక్కోలా సాగి మన లెక్కలన్నీ తప్పిస్తుంది.

తోలు కొనేశాం కదా అని వెంటనే కత్తి పట్టకండి. అల్యూమినియం ఫాయిల్ రెండు మూడు పొరలుగా మడిచి ముఖానికి మెల్లగా అదమండి, ముక్కు రంధ్రాలూ నోరూ మాత్రం తెరిచే ఉంచాలి, తీసేశాక దాని మీద మాస్కింగ్ టేప్ అంటించి కళ్ళు గీసి అప్పుడు పరిచి చూడండి. ఎక్కడ పరుచుకోకుండా మొరాయిస్తుందో అక్కడ చిన్న చీలిక ఇవ్వండి, తోలులో కూడా అదే చోట చీలికో కుట్టో పడుతుంది. ఆ నమూనాని అట్ట మీదకి దింపి, కత్తిరించి, దారం కట్టుకుని అద్దంలో చూసుకోండి. పెద్దవాళ్ళకి రెండు కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, కానీ సగటుని నమ్మకండి, మీది మీరు కొలుచుకోండి. కంటి రంధ్రాలు మొదట చిన్నవిగానే కోయండి, పెద్దవి ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ఆకారం తేవడానికి థర్మాకోల్ తల పనికొస్తుంది, కాకపోతే అవి మామూలుగా మన తలకన్నా చిన్నవి, అందుకని బుగ్గల మీదా ముక్కు మీదా కనుబొమల మీదా బంకమట్టి పెట్టి మీ ఫాయిల్ నమూనాకి సరిపోయేదాకా పెంచి, పైన పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టండి. ఇప్పుడు కోసిన తోలు ముక్కని గోరువెచ్చని నీళ్ళలో బుడగలు ఆగేదాకా ముంచి తీయండి. తీసిన వెంటనే ఒత్తకండి, చాలామంది తొందరపడేది ఇక్కడే. దాని అసలు రంగు దాదాపు తిరిగొచ్చేదాకా ఆగి, చెంపకి ఆనించి చూడండి, పైకి ఆరినట్టున్నా చల్లగా తగలాలి, అదీ అసలు పదను. అప్పుడు బొటనవేళ్ళతో, చెక్క గరిటె వెనక వైపుతో ముక్కు నుంచి మొదలుపెట్టి అంచుల వైపు నెట్టుకుంటూ పోండి. గోళ్ళు ముందే కత్తిరించుకోండి, ఒక్కసారి గోరు దిగిందా ఆ గీత ఇక పోదు.

రెండో మాస్క్ కథ కూడా వినండి. అంచులు కదలకుండా ఆఫీసు కాగితాలకి పెట్టే ఇనుప క్లిప్పులు పెట్టి పడుకున్నాను, తెల్లారి చూస్తే క్లిప్పు తగిలిన ప్రతిచోటా సిరా ఒలికినట్టు నల్లటి మచ్చలు. తోలులో ఉన్న వగరుకి తడిలో ఇనుము తగిలితే నల్లబడుతుంది, వెనకటి రోజుల్లో నల్ల సిరా చేసింది కూడా ఈ కిటుకుతోనే. నిమ్మరసం రాస్తే మచ్చలు కొంచెం తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు, సరే పోనీ అని స్టీల్ ఊల్ (సన్న ఉక్కు పీచు) ముక్కల్ని వెనిగర్‌లో కొన్ని రోజులు నాననిచ్చి, మూత గట్టిగా బిగించకుండా ఉంచాను ఎందుకంటే గ్యాస్ వస్తుంది, ఆ నీళ్ళు మాస్క్ మొత్తానికీ పూసేశాను, నిమిషాల్లో మసిబొగ్గు రంగుకి తిరిగింది. ఆవిరి ఇంజన్ లోపలి నుంచి తీసినట్టుంది! రంగు డబ్బా కొనే పనే లేకుండా పోయింది. మచ్చలు వద్దనుకుంటే మాత్రం ప్లాస్టిక్ క్లిప్పులు గానీ ఇత్తడి పిన్నులు గానీ వాడండి.

ఆరబెట్టడం నీడలోనే, ఫ్యాన్ గాలికి ఒక రోజు, ఒక్కోసారి రెండు. ఓవెన్‌లో పెడదామనే ఆలోచన వస్తుంది, వద్దు. తడి తోలు సుమారు 70-80 డిగ్రీల సెల్సియస్ దాటితే ముడుచుకుపోయి గట్టిపడి పెళుసవుతుంది. కావాలని వేడినీళ్ళతో గట్టిపరిచే పాత పద్ధతి ఒకటి ఉంది, కాకపోతే ముక్క ఎంత ముడుచుకుంటుందో లెక్క తెలిసినవాళ్ళ పని అది.

రంగు, పాలిష్, అంచులు అన్నీ లోహం బిగించకముందే అయిపోవాలి. స్పిరిట్ డై (స్పిరిట్‌లో కలిపిన తోలు రంగు) పల్చగా రెండు పూతలు వేయండి, అంచులకీ గుంటలకీ ముదురుగా, ముక్కు దూలానికీ బుగ్గ ఎముకకీ లేతగా ఉంటే వాడి వాడి అరిగిన వస్తువులా కనిపిస్తుంది. రాత్రంతా ఆరాక పొడిగుడ్డతో రుద్దుతూనే ఉండండి, గుడ్డకి రంగు అంటడం ఆగాక యాక్రిలిక్ ఫినిష్, అంటే రంగుని కాపాడే పై పూత, పూయండి. లోపలి వైపు పల్చటి మెత్తటి తోలో నూలుగుడ్డో అంటించడం మర్చిపోకండి. నేను మర్చిపోయి ఒక సాయంత్రమంతా పెట్టుకున్నాను, చెమటకి రంగు దిగి మర్నాడు కూడా నా బుగ్గలు ఇటుక రంగులోనే ఉన్నాయి.

ఇక చక్రాలు. రెండో మాస్క్‌కి కుడి కన్ను చుట్టూ నిజం ఇత్తడి చక్రాలు ఏడు బిగించాను, చూడ్డానికి అదిరింది, పెట్టుకుంటే ఆ బరువుకి ఒక పక్కకి ఒరిగి ఎడమ కన్నుకి తోలే కనిపించేది. అందుకే గోడెక్కింది. మూడోదానికి రెండు మాత్రమే అసలు ఇత్తడివి, మిగతావి 2 మిల్లీమీటర్ల ఫోమ్ షీట్‌లోంచి కోసి, నల్ల రంగు వేసి, పైన దాదాపు ఆరిన బ్రష్‌తో బంగారు రంగు అలా తగిలించీ తగలనట్టు రుద్దినవే. చేతిలోకి తీసుకున్నవాళ్ళు తప్ప ఎవరూ అవి ఉత్తుత్తివని పట్టుకోలేదు. పట్టుకుంది ఇంకొకటి, మిషన్ల పని చేసే స్నేహితుడు చూసి "ఈ మూడూ ఒకదానికొకటి తగులుకుని ఉన్నాయి, ఇవి జన్మలో తిరగవు" అన్నాడు. నిజమే, పక్కపక్క చక్రాలు ఎదురెదురు దిక్కుల్లో తిరగాలి కదా, ముక్కోణంలో మూడూ కలిస్తే బిగుసుకుపోతాయి. ఉత్త అలంకారమే అయినా అప్పట్నుంచి వరసగానే పెడుతున్నాను.

బిగించడానికి సూపర్ గ్లూ వద్దు, తోలు వంగినప్పుడల్లా అది పెళుసుగా ఊడొస్తుంది. చక్రం మధ్య రంధ్రంలోంచి రివెట్ (సుత్తితో కొట్టి బిగించే లోహపు చీల) దించండి, రివెట్ కాడ పొడవు తోలూ లోహమూ కలిపిన మందం కంటే కొంచెమే ఎక్కువ ఉండాలి, మరీ పొడుగైతే సుత్తి దెబ్బకి లోపల వంకర పోతుంది. రివెట్ వెనక భాగాలు ముఖానికి గుచ్చుకోకుండా లోపలి గుడ్డ అన్నిటికంటే ఆఖర్న అంటించండి. ఇంకో మాట, పాత గడియారాలు విప్పి చక్రాలు తీద్దాం అనుకుంటే 1970లకి ముందువాటిలో చీకట్లో మెరిసే అంకెలూ ముల్లులూ ఉన్నవి ముట్టుకోకండి, వాటికి రేడియం రంగు వేసేవాళ్ళు, మెరుపు పోయినా రేడియం పోదు, గీకితే ఆ పొడి ఊపిరిలోకి పోతుంది.

పట్టీ ఒకటే పెడితే జారుతుంది, చెవుల పైనుంచి ఒకటి, నడినెత్తి మీదుగా ఇంకొకటి పెట్టండి. కంటికి గాజు బిగిస్తే ఊపిరికి మసకేస్తుంది కాబట్టి గాజు చట్రం పైభాగంలో రెండు మూడు సన్న రంధ్రాలు వదలండి, చట్రం చుట్టూ రివెట్లు వరసగా ఉంటే అవీ వాటిలో కలిసిపోతాయి.

పక్షి ముక్కులా పొడుగ్గా ఉండే మాస్క్ కావాలంటే మాత్రం ఒక్క ముక్కతో సాగదీయాలని చూడకండి. ఎడమా కుడీ రెండు ముక్కలు కోసి, ఆరెతో (తోలుకి రంధ్రాలు పొడిచే మొనదేలిన పనిముట్టు) సమాన దూరంలో రంధ్రాలు పొడిచి, మైనం పట్టించిన దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి ఎదురెదురుగా కుట్టుకుంటూ రావాలి, ఒకచోట దారం తెగినా మిగతా కుట్టు ఊడదు. నాలుగో మాస్క్‌గా నేనిప్పుడు కుడుతున్నది అదే, సగం ముక్కు దాకా వచ్చింది.