ఓకామల్‌లో షెల్ రాస్తే ప్లేస్‌మెంట్‌కి పనికొస్తుందా?

ప్రశ్న: సర్, వరంగల్ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఓకామల్ అనే ఫంక్షనల్ లాంగ్వేజ్ సొంతంగా నేర్చుకున్నాను. మినీ ప్రాజెక్టుకి దాంతో చిన్న షెల్ (టెర్మినల్‌లో కొట్టిన కమాండ్లను తీసుకుని నడిపే ప్రోగ్రామ్) రాస్తానంటే మా గైడ్ గారు ‘ఈ లాంగ్వేజీలు లెక్కలకే బాగుంటాయి, ఆపరేటింగ్ సిస్టమ్‌తో పని ఉంటే సీ లో రాయాలి’ అన్నారు. నాన్నేమో అమీర్‌పేట వెళ్లి జావా ఫుల్‌స్టాక్ కోర్సులో చేరమంటున్నారు. ప్లేస్‌మెంట్లు తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: షెల్ రాయమ్మా. ఓకామల్‌లోనే రాయి. జావా సంగతి కూడా చెప్తాను, ముందు ఇది విను.

మీ గైడ్ గారి మాట గాల్లోంచి పుట్టింది కాదు. ఒకే విలువ ఇస్తే ఎప్పుడూ ఒకే జవాబు రావాలి అన్నది ఫంక్షనల్ భాషల పునాది. ఫైల్ చదవడం అలా కుదరదు, నిన్న ఉన్న ఫైల్ ఈరోజు ఉండకపోవచ్చు. 1990లో వచ్చిన హాస్కెల్ అనే మరో ఫంక్షనల్ భాష ఈ చిక్కుతో చాలా కుస్తీ పట్టింది. ఇప్పుడు అందరూ వాడే ఐఓ (ఫైళ్లు, తెర లాంటి బయటి వాటితో చదవడం, రాయడం) పద్ధతి దాని ప్రమాణంలోకి వచ్చింది 1996లో. ఓకామల్ అంత పట్టింపుకు పోలేదు. దాని యూనిక్స్ లైబ్రరీలో ఫోర్క్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి, అంటే ప్రాసెస్‌కి, నకలు పుట్టించడం), ఎగ్జెక్ (ఆ ప్రాసెస్‌లో వేరే ప్రోగ్రామ్ నడపడం), పైప్ (ఒకదాని అవుట్‌పుట్‌ని ఇంకోదానికి అందించే గొట్టం), డప్2 (ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లను వేరే చోటికి తగిలించడం), వెయిట్ (పిల్ల ప్రాసెస్ ముగిసేదాకా ఆగడం) అన్నీ ఉన్నాయి, పేర్లు కూడా సీ లో ఉన్నవే. అడుగున పిలిచేదీ అదే కెర్నల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయని. డాకర్ (ప్రోగ్రామ్‌లను విడివిడి పెట్టెల్లో నడిపే సాఫ్ట్‌వేర్) వాళ్లు తమ డెస్క్‌టాప్ వెర్షన్‌లో ఏళ్ల తరబడి నెట్‌వర్క్ పని చూసిన వీపీఎన్‌కిట్ అనే భాగాన్ని ఓకామల్‌లోనే రాశారు. కాబట్టి కుదరదు అన్న మాట పక్కన పెడదాం.

కుదరడమే కాదు, నేర్చుకునే వాళ్లకి ఒక విషయంలో సీ కన్నా మేలు కూడా. నీ షెల్ ఒక కమాండ్‌ని నడిపి, అది అయ్యేదాకా వెయిట్ చేస్తుంది. సీ లో వెయిట్ ఆ కమాండ్ ఎలా ముగిసిందో ఒక ఇంటీజర్‌లో పెట్టి ఇస్తుంది. చాలామంది పిల్లలు దాన్నే ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే అంకె) అనుకుని ప్రింట్ చేస్తారు, 1 రావాల్సిన చోట 256 చూసి తల గోక్కుంటారు. ఆ ఇంటీజర్‌లో రెండు మూడు రకాల సమాచారం ఇరికించి ఉంటుందనీ, మాక్రోలతో విడదీసుకోవాలనీ మాన్యువల్ చదివితే గానీ తెలియదు. ఓకామల్‌లో అదే వెయిట్ మూడు రకాల జవాబుల్లో ఒకటి ఇస్తుంది: తనంతట తాను ముగిసింది, సిగ్నల్ (ప్రాసెస్‌కి పంపే సంకేతం) వల్ల చచ్చింది, మధ్యలో ఆగింది. నువ్వు మొదటిదానికే కోడ్ రాసి ఊరుకుంటే, మిగతా రెండిటి మాటేమిటని కంపైలర్ వార్నింగ్ ఇస్తుంది. మెమరీ చాలక కెర్నల్ ఒక ప్రాసెస్‌ని చంపేయడం సర్వర్ల మీద రోజూ జరిగేదే. అలా జరుగుతుందని నీకు మొదటి వారంలోనే తెలిసిపోతుంది. (ఓకామల్ సిగ్నల్ నంబర్లకు తన సొంత లెక్క వాడుతుంది. కిల్ సిగ్నల్ 9 అని పుస్తకంలో చదివి, తెర మీద మైనస్ 7 చూసి కంగారు పడకు.)

అన్ని చోట్లా ఆ అండ ఉండదు. నీ షెల్‌లో ‘ఎల్‌ఎస్ పైప్ డబ్ల్యూసీ’ (ఫైళ్ల జాబితాని లెక్కపెట్టే కమాండ్‌కి అందించడం) నడిపించే రోజు వస్తుంది. పైప్ చేయాలి, రెండుసార్లు ఫోర్క్ చేయాలి, డప్2తో పైప్ కొసలను ఇటు అవుట్‌పుట్‌కి, అటు ఇన్‌పుట్‌కి తగిలించాలి, తర్వాత ఎగ్జెక్. అన్నీ సరిగ్గా చేసి, పేరెంట్ (ఫోర్క్ చేసిన అసలు ప్రాసెస్) దగ్గర మిగిలిన రాసే కొసను క్లోజ్ చేయడం మర్చిపోతావు. అందరూ మర్చిపోతారు. ఎల్‌ఎస్ పని ముగించి వెళ్లిపోతుంది, డబ్ల్యూసీ మాత్రం కదలదు. రాసే కొస ఇంకా ఎవరి చేతిలోనో తెరిచి ఉంది కాబట్టి, మరికొంత డేటా వస్తుందేమోనని చూస్తూ కూర్చుంటుంది. దీనికి ఏ కంపైలరూ వార్నింగ్ ఇవ్వదు. ఆ రాత్రి ఎవరినీ అడగకుండా ఎస్‌ట్రేస్ (ప్రాసెస్ కెర్నల్‌ని ఏమేం అడుగుతోందో చూపే పనిముట్టు) పెట్టి, ఏ ప్రాసెస్ ఏ కాల్ దగ్గర ఆగిందో నువ్వే చూడు. ‘టెర్మినల్‌లో ఈ కమాండ్ కొడితే లోపల ఏం జరుగుతుంది?’ అన్నది సిస్టమ్స్ ఇంటర్వ్యూల్లో పాత ప్రశ్న. చదివి చెప్పే జవాబుకీ, తంటాలు పడి చెప్పే జవాబుకీ తేడా అవతలివాళ్లకు రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది.

ఇక్కడే మీ నాన్నగారి జావాకు వస్తాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట రాత్రిపూట రిపోర్టులు తయారుచేసే జావా ప్రోగ్రామ్ ఒకటి ఉండేది. అది ఇంకో ప్రోగ్రామ్‌ని నడిపి, దాని పని అయ్యేదాకా ఆగి, ఆ తర్వాత అవుట్‌పుట్ చదివేది. నెలల తరబడి బాగానే నడిచింది. ఒక నెలాఖరున ఆగిపోయింది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు, సీపీయూ వాడకం సున్నా. రెండు రోజులు డేటాబేస్‌ని అనుమానించాం. అసలు సంగతేమిటంటే, లైనక్స్‌లో పైప్‌కి మామూలుగా 64 కేబీ మాత్రమే పడుతుంది. ఆ నెల అవుట్‌పుట్ అంతకన్నా పెరిగింది. పైప్ నిండిపోయి పిల్ల ప్రోగ్రామ్ రాయలేక ఆగింది, పిల్ల ముగిస్తే చదువుదామని తల్లి ఆగింది. ముందు చదివి తర్వాత ఆగేలా రెండు లైన్లు అటూ ఇటూ మార్చాం, అంతే. మా టీమ్‌లో అందరికీ జావా బాగా వచ్చు. పైప్ అంటే ఏమిటో ఒక్కరికీ సరిగ్గా తెలియదు, నాతో సహా. నీ షెల్ నీకు నేర్పేది ఇదే. హాస్కెల్‌లో రాసినా, ఎర్లాంగ్‌లో రాసినా, జావాలో రాసినా కింద ఉన్న పైప్ ఒకటే.

ఉద్యోగాల విషయం దాచకుండా చెప్తాను. ఓకామల్ అని రాసి ఉన్న ఫ్రెషర్ పోస్టులు మన దగ్గర చాలా తక్కువ. జేన్ స్ట్రీట్ అనే ట్రేడింగ్ కంపెనీ దాదాపు అన్నీ ఓకామల్‌లోనే రాస్తుంది, కానీ ఆఫీసులు న్యూయార్క్, లండన్, హాంకాంగ్ వైపు. బెంగళూరులోని పేమెంట్ల కంపెనీ జస్‌పే హాస్కెల్ వాడుతుంది. 2022 డిసెంబర్‌లో వచ్చిన ఓకామల్ 5లో మల్టీకోర్ (ప్రాసెసర్‌లోని చాలా కోర్లను ఒకేసారి వాడుకోవడం) పనికి ముందుండి నడిచినవారు ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ కె.సి. శివరామకృష్ణన్, అంటే పై చదువుల దారి చెన్నై దాకా వచ్చే ఉంది. గేట్ రాస్తావా? అప్పుడు షెల్ నేరుగా ఉపయోగం. ‘ఫోర్క్ వరుసగా మూడుసార్లు పిలిస్తే కొత్తగా ఎన్ని ప్రాసెస్‌లు?’ లాంటివి అందులో అడిగే రకం ప్రశ్నలే. ఏడు అని కంఠస్థం చేయనక్కర్లేదు, నడిపి లెక్కపెట్టుకో.

కానీ మీ కాలేజీకి వచ్చే కంపెనీల్లో ఎక్కువ భాగం ఆప్టిట్యూడ్, కోర్ జావా, ఎస్‌క్యూఎల్ అడుగుతాయి. నాన్న భయం అదే, అందులో తప్పేమీ లేదు. సెమిస్టర్ మధ్యలో అమీర్‌పేట అవసరం లేదని, కోర్ జావా ఇంట్లోనే మొదలుపెడతానని, వేసవి సెలవుల్లో కావాలంటే కోర్సులో చేరతానని ఆయనకు చెప్పు. చెప్పినట్టే రోజుకో గంట జావాకు ఇవ్వు. షెల్‌కి ఆరేడు వారాలు చాలు. రంగులు, హిస్టరీ లాంటి అలంకారాలు వద్దు. కమాండ్ నడపడం, పైప్, ఫైల్‌లోకి మళ్లించడం, కంట్రోల్-సీ కొడితే షెల్ చావకుండా లోపలి కమాండ్ మాత్రమే ఆగడం, ఈ నాలుగూ గట్టిగా చేయి. ఓకామల్‌ని తయారుచేసిన ఫ్రాన్స్ పరిశోధకులు గ్జావియే లెరువా, దిదియే రెమీ యూనిక్స్ ప్రోగ్రామింగ్ మీద రాసిన పాఠాలు ఇంగ్లిష్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటి వెంట వెళ్లు.

గైడ్ గారితో వాదన పెట్టుకోకు. కమాండ్ నడిపి వెయిట్ చేసే భాగం ఒక్కటే సీ లో కూడా రాసి, రెండూ పక్కపక్కన చూపించు. ‘స్లీప్ 100’ నడిపి, ఇంకో టెర్మినల్‌లోంచి దాన్ని కిల్ చెయ్యి. నీ షెల్ ఏం చెబుతుందో ఆయన్నే చూడనివ్వు.

ఇంకొక్కటి, ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉంటే ఈ ఆదివారమే డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లైనక్స్ నడిపేది) గానీ ఉబుంటు గానీ వేసుకో. ఓకామల్ ఫోర్క్ విండోస్‌లో నేరుగా పనిచేయదు. ఓకామల్ 5 వాడుతుంటే డొమైన్ల (వేర్వేరు కోర్ల మీద ఒకేసారి నడిచే భాగాల) జోలికి వెళ్లకు, ఒక్క డొమైన్ పుట్టించినా ఆ తర్వాత ఫోర్క్ చేయనివ్వదు.